స్త్రీల జట్టుక్రీడలు – చూచువారి ధర్మము



చరిత్రయనగా రాజుల దండయాత్రలు, కోటల ముట్టడులు మాత్రమే యని మనము చిన్ననాట చదువుకొంటిమి. మైదానమున పదునొకండుగురు బాలికలు జట్టుగా నిలిచి యాడుటయు, వారిని చూచుటకు జనులు వచ్చిరా రాలేదా యను మాటయు చరిత్రలోనివే. శంషాబాదు పరిసరగ్రామముల పెద్దలకు, మన సీమలో స్త్రీల జట్టుక్రీడలు నడచివచ్చిన త్రోవను నేడు మనవి చేయదలచితిని.

ముందుగా ఒక అపోహను తొలగింపవలెను. ఆడుపిల్లలు జట్టుగా ఆడుట పరదేశపు వింతయని కొందరు తలంతురు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, తొక్కుడుబిళ్ళ ఎరుగని తెలుగుముంగిలి కలదా? బతుకమ్మ పండుగనాడు స్త్రీలు వలయముగా నిలిచి, ఒక్కలయతో చప్పట్లు చరచుచు తిరుగుదురు. ఒకతె అడుగు తప్పినను వలయము చెదరును. కావున కూడి మెలగు విద్య మన స్త్రీలకు క్రొత్త కాదు. క్రొత్తవి రెండే: గెలుపోటములు లెక్కించు మైదానము, చుట్టును కూర్చుండి చూచు జనము. ఈ రెండవది లేనిచో మొదటిది నిలువదని చెప్పుటయే నా యభిప్రాయము.

హైదరాబాదులోని ఫతేమైదానము మీలో పలువురెరిగినదే. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన పిదప, విజయక్షేత్రమను అర్థముగల ఈ పేరు దానికి కలిగెనని చెప్పుదురు. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరిటి క్రీడాప్రాంగణము అచటనే యున్నది. స్త్రీల క్రికెట్టు ప్రపంచకప్పు మొదట 1973లో ఇంగ్లండున జరిగెను. పురుషుల కప్పు 1975లో గాని మొదలుకాలేదు. అనగా ఈ విషయమున స్త్రీలే ముందు నడచిరి. రెండవ కప్పు 1978 జనవరిలో మన దేశమున జరిగెను. ఆస్ట్రేలియా, ఇంగ్లండు, న్యూజిలాండు, భారతదేశము అను నాలుగు జట్లు పాల్గొనెను. కప్పు ఎవరిదో తేల్చిన కడపటి ఆట జనవరి 13వ తేదీన ఈ ఫతేమైదానముననే జరిగెను. ఇంగ్లండు 50 ఓవర్లలో 96 పరుగులు మాత్రమే చేయగా, ఆస్ట్రేలియా ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచెను. మన జట్టు ఆ కప్పున మొదటిసారి ఆడి, ఆడిన మూడాటలును ఓడిపోయెను.

1983లో పురుషుల జట్టు కప్పు గెలిచిన కథ రచ్చబండ యొద్ద ప్రతిబాలునకును తెలియును. ప్రపంచవిజేతలను నిర్ణయించిన ఆట మన నగరముననే జరిగినదని ఎందరికి తెలియును? చూడని ఆట జ్ఞాపకమున నిలువదు. జ్ఞాపకమున లేని ఆటకు ధనమును రాదు, ఆదరమును రాదు. 1973లో ఏర్పడిన భారత స్త్రీల క్రికెట్టు సంఘము ఏండ్లతరబడి ధనము చాలక కష్టపడెను. ఆ దినములలో రిజర్వేషను లేని రైలుపెట్టెలలో, సామాను మోసికొని ప్రయాణము చేసితిమని నాటి ఆటగత్తెలే తరువాత చెప్పిరి. వారిలో పలువురకు రైల్వేవారి ఉద్యోగమే అన్నము పెట్టినది.

అట్టి కాలముననే సికింద్రాబాదునుండి ఇద్దరు నాయికలు వచ్చిరి. 1990వ దశకమున పూర్ణిమా రావు భారతజట్టును నడిపెను. ఆమె వెనుక మిథాలీ రాజ్ వచ్చెను. తమిళకుటుంబమున జోధ్‌పూరున జన్మించి, సికింద్రాబాదున పెరిగిన ఈమె 1999 జూనులో, పదునారేండ్ల ప్రాయమున, తన మొదటి అంతర్జాతీయపు ఆటలోనే ఐర్లండుపై 114 పరుగులు చేసి అజేయముగా నిలిచెను. 2002లో ఇంగ్లండుపై టెస్టున 214 పరుగులు చేసెను. 2005లో ఆమె నాయకత్వమున మన జట్టు తొలిసారి ప్రపంచకప్పు తుదియాటకు చేరి, ఆస్ట్రేలియాతో ఓడెను. మరుసటి యేడు, అనగా 2006లో, స్త్రీల క్రికెట్టు పురుషుల క్రికెట్టును నడపు బోర్డు క్రిందికి వచ్చెను. 2017 జూలై 23న లండనులోని లార్డ్స్ మైదానమున మరల తుదియాట జరిగెను. తొమ్మిది పరుగులతో ఓడితిమి. కాని ఆనాడు మైదానము నిండెను. ఇచట ఇండ్లలో టెలివిజనులముందు జనులు కూర్చుండిరి. ఓటమియైనను చూడబడిన ఓటమి వేరు.

ఆ చూపుయొక్క ఫలము ఎట్లుండెనో గమనింపుడు. చూచువారు పెరిగినచో ప్రసారము చేయువారు ధనమిత్తురు. 2022లో బోర్డువారు స్త్రీపురుషులకు ఆటకూలి సమానము చేసిరి. 2023లో మొదలైన స్త్రీల ప్రీమియర్ లీగు ప్రసారహక్కులు ఐదేండ్లకు 951 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయెను. 2025 నవంబరు 2న నవీముంబయిలో మన జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పును గైకొనెను. ఆ జట్టున కడపజిల్లా పల్లెటూరి బాలిక శ్రీచరణి కలదు. హైదరాబాదు యువతి అరుంధతి రెడ్డియు కలదు.

అదే సంవత్సరము ఫిబ్రవరిలో మన శంషాబాదు విమానాశ్రయమున ఒక పంతొమ్మిదేండ్ల బాలికకు పూలదండలతో స్వాగతమిచ్చిరి. ఆమె భద్రాచలమునకు చెందిన గొంగడి త్రిష. మలేషియాలో జరిగిన పంతొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచకప్పున ఆమె ఆ పోటీ చరిత్రలో తొలి శతకము కొట్టి, ఉత్తమక్రీడాకారిణిగా ఎన్నికయై వచ్చెను. కూతురి ఆటకొరకే తండ్రి భద్రాచలము విడిచి నగరమునకు కాపురము మార్చెను. దండలు వేయుటకు పలువురు వత్తురు. ఆమె ఏడెనిమిదేండ్ల పిల్లగా ఆడుచున్నపుడు చూచినవాడు ఆ తండ్రియే.

ఇది క్రికెట్టు మాట మాత్రమే కాదు. 2003లో హైదరాబాదున జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో మన స్త్రీల హాకీజట్టు స్వర్ణపతకము గెలిచెను. నిజామాబాదుసీమ తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత ఫుట్‌బాలు జట్టున ఆడి, 2022లో క్రొయేషియాదేశపు దినామో జాగ్రెబ్ జట్టున చేరెను. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్పును మన స్త్రీలే గెలిచిరి. ఖోఖోకు బల్ల వలదు, బంతి వలదు, నేల చాలును.

ఆ నేలయే నేడు దుర్లభమగుచున్నది. 2008లో విమానాశ్రయము తెరవబడినది మొదలు ఈ ప్రాంతమున భూమిని ఎకరములలో గాక గజములలో లెక్కించుచున్నారు. ఊరికి మిగిలిన ఖాళీస్థలము మగపిల్లల పాలగును. ఆడుపిల్లలు గోడప్రక్కన నిలుతురు. నేను బడిపంతులుగా పలుమార్లు చూచినది మరియొకటి కలదు. ఎనిమిదవ తరగతిదాక చక్కగా పరుగెత్తిన బాలిక తొమ్మిదవ తరగతికి జట్టు విడుచును. ఎవరును కొట్టి మాన్పింపరు. ఇంటిలోని పెద్దలు "ఆడినది చాలును" అందురు, అంతటితో సరి.

ఆ మాట పలుకునది మనమే, అయ్యలారా. దానిని మార్చుటయు మనచేతిలోనిదే. బడిలో బాలికల కబడ్డీ, ఖోఖో పందెములు జరుగునాడు నలుగురు పెద్దలు వెళ్ళి ముందువరుసను కూర్చుండుడు. పొరుగూరి పందెమునకు పోయినవారు ప్రొద్దుగ్రుంకిన పిదప తిరిగివచ్చుటకు బండి యేర్పాటు చేయింపుడు. ఊరి ఆటస్థలమున వారమునకు మూడుదినములు బాలికలకని గ్రామసభలో వ్రాయింపుడు. పెద్దలు కూర్చున్నచోట ఎగతాళి చేయువాడు నోరు మూయును. తల్లిదండ్రులకు ధైర్యము కలుగును. ఖర్చు స్వల్పము, కావలసినది ఒక సాయంకాలపు తీరిక.

1978లో ఫతేమైదానమున జరిగిన ఆటను మనము మరచిపోతిమి. రేపు మన ఊరి బడియొద్ద జరుగు ఆటను చూచుటకైనను లేచి పోవుదము.