అధ్యాపకుల సదస్సు ప్రయాణాలు: పరిమిత నిధుల కేటాయింపులో పాటించవలసిన అంశాలు

డిగ్రీ కళాశాలల అధ్యాపకులు జాతీయ, అంతర్జాతీయ సదస్సులలో పరిశోధన పత్రాలు సమర్పించేందుకు అయ్యే వ్యయాన్ని ఏ పద్దు కింద, ఎవరికి, ఎంతమేరకు భరించాలన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని కళాశాలలకు ప్రతి విద్యా సంవత్సరం ఎదురయ్యే సమస్య. దరఖాస్తులు ఎక్కువగా, నిధులు తక్కువగా ఉన్నచోట కేటాయింపు పద్ధతే అధ్యాపకుని పరిశోధనావకాశాన్ని నిర్ణయిస్తుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 11వ పంచవర్ష ప్రణాళిక కాలంలో (2007-12) కళాశాల అధ్యాపకుల విదేశీ సదస్సు ప్రయాణాలకు ప్రత్యేక పథకం అమలు చేసింది. యూజీసీ చట్టం 2(ఎఫ్), 12(బి) సెక్షన్ల కింద గుర్తింపు పొందిన కళాశాలల అధ్యాపకులకు మూడేళ్లకు ఒకసారి విమాన చార్జీలు, రిజిస్ట్రేషన్ రుసుము, దినభత్యం, వీసా రుసుము ఈ పథకం కింద లభించేవి. అయితే ఇది విదేశీ సదస్సులకు ఉద్దేశించినది. అధ్యాపకులు ఎక్కువగా హాజరయ్యే దేశీయ సదస్సుల భారం కళాశాల పైనో, అధ్యాపకుని జేబుపైనో పడింది.

ఐఐటీలు, ఎన్ఐటీల వంటి కేంద్ర సాంకేతిక విద్యా సంస్థలలో పరిస్థితి వేరు. 2009లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ జారీ చేసిన ఉత్తర్వుల మేరకు అక్కడి ప్రతి అధ్యాపకునికి మూడేళ్ల కాలానికి 3 లక్షల రూపాయల వృత్తి అభివృద్ధి భత్యం వ్యక్తిగతంగా కేటాయించారు. సహోద్యోగితో పోటీ పడవలసిన అవసరం అక్కడ లేదు. డిగ్రీ కళాశాలలో ఉన్నది ఉమ్మడి నిధి. ఒకరికి ఇచ్చినది మరొకరికి తగ్గుతుంది.

ఈ నిధిని రెండు కొలమానాలు రెండు వైపులకు లాగుతున్నాయి. 2018 జూలై 18న యూజీసీ ప్రకటించిన నిబంధనలు పత్ర సమర్పణకు విదేశాలలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు 7, దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు 5, జాతీయ సదస్సుకు 3, రాష్ట్ర లేదా విశ్వవిద్యాలయ స్థాయి సదస్సుకు 2 చొప్పున పరిశోధన మార్కులు నిర్దేశించాయి. దూరం వెళ్లినవారికే లాభం. మరోవైపు జాతీయ మదింపు, గుర్తింపు మండలి (న్యాక్) 2017లో ప్రవేశపెట్టిన మదింపు విధానంలోని 6.3.2 అంశం సదస్సులకు, వృత్తి సంఘాల సభ్యత్వాలకు ఆర్థిక సహాయం పొందిన అధ్యాపకుల శాతాన్ని లెక్కించింది. అంటే ఎందరికి ఇచ్చారన్నదే అక్కడ ప్రధానం. పదోన్నతి కోరే అధ్యాపకుడు సుదూర సదస్సును, గ్రేడు కోరే కళాశాల ఎక్కువమందికి చిన్న మొత్తాలను ఎంచుకోవడం సహజం. సదస్సు ఉపన్యాసాలు, పత్రాలు, విధాన పత్రాలకు కలిపి మొత్తం పరిశోధన మార్కులలో 30 శాతం మించరాదన్న పరిమితి అదే 2018 నిబంధనలలో ఉన్న సంగతి దరఖాస్తుదారులు తరచు విస్మరిస్తారు.

ఉదాహరణకు 40 మంది అధ్యాపకులున్న కళాశాల ఏడాదికి 2 లక్షల రూపాయలు కేటాయించిందనుకుంటే, సమానంగా పంచితే తలకు 5,000 రూపాయలు వస్తాయి. పొరుగు రాష్ట్రానికి రైలు ప్రయాణం, రిజిస్ట్రేషన్ రుసుముకు అది ఏదో విధంగా సరిపోవచ్చు. ఒక్క విదేశీ ప్రయాణానికి మొత్తం నిధిలో సింహభాగం ఖర్చవుతుంది. సమాన పంపకం న్యాయంగా కనిపించినా, ఆ ఏడాది పత్రమేదీ రాయనివారి వాటా వినియోగం కాకుండా మిగిలిపోతుంది. పత్రం ఆమోదం పొందినవారు అప్పు చేసి వెళ్తారు. పత్రం సమర్పించేవారికి తొలి ప్రాధాన్యం, గత రెండేళ్లలో సహాయం పొందనివారికి తదుపరి ప్రాధాన్యం, తలసరి గరిష్ఠ పరిమితి అన్న మూడింటిని కలిపి పాటించడమే ఇంతకంటే మెరుగైన మార్గం.

ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతి సులభమైనదే గాని, అది క్యాలెండరును పట్టించుకోదు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. సదస్సులు అధికంగా డిసెంబరు, ఫిబ్రవరి మధ్య జరుగుతాయి. భారత సైన్స్ కాంగ్రెస్ సంప్రదాయంగా జనవరి 3 నుంచి 7 వరకు జరిగేది. దసరా నాటికే నిధి ఖాళీ అయితే అసలు సదస్సుల కాలానికి ఏమీ మిగలదు. అందువల్ల నిధిలో సగాన్ని అక్టోబరు తర్వాతి దరఖాస్తులకు నిలిపి ఉంచడం, పత్ర సంగ్రహం పంపిన దశలోనే షరతులతో మంజూరు చేసి ఆమోద పత్రం అందాక సొమ్ము విడుదల చేయడం ఉపయుక్తం.

సెలవు మంజూరు, నిధుల మంజూరు వేర్వేరు. సదస్సులకు విద్యా సంవత్సరంలో 30 రోజుల వరకు డ్యూటీ సెలవుకు యూజీసీ నిబంధనలు వీలు కల్పించాయి. సెలవు మంజూరైనంత మాత్రాన ఖర్చు కళాశాల భరిస్తుందని కాదు. ఈ రెండింటినీ ఒకే దరఖాస్తులో వేర్వేరు గడులలో కోరితే, తిరిగి వచ్చాక బిల్లుల వద్ద తలెత్తే వివాదాలు చాలావరకు తగ్గుతాయి.

ముందు ఖర్చు చేసి తర్వాత బిల్లు పెట్టుకునే విధానం తక్కువ వేతనం పొందేవారిని వడపోస్తుంది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో బోధన భారాన్ని గణనీయంగా మోస్తున్న కాంట్రాక్టు, అతిథి అధ్యాపకులు రిజిస్ట్రేషన్ రుసుమే ముందుగా చెల్లించలేక వెనుకంజ వేస్తారు. అడ్వాన్సు ఇచ్చి బిల్లులపై సర్దుబాటు చేసే వెసులుబాటు ఎవరికి కల్పించారన్నది నిధి పరిమాణంతో సమానమైన ప్రాముఖ్యం గల విషయం.

రుసుము వసూలే ధ్యేయంగా నడిచే సదస్సుల బెడద కూడా ఉంది. పత్రికల విషయంలో యూజీసీ 2018లో కేర్ జాబితాకు పూనుకొని 2025లో దానిని నిలిపివేసింది. సదస్సులకు మాత్రం అటువంటి జాబితాను రూపొందించలేదు. అందువల్ల నిర్వాహక సంస్థ, పత్రాల పరిశీలన విధానం, గత సంవత్సరాల సంకలనాలను కళాశాల కమిటీయే చూడవలసి ఉంటుంది. 2020 తర్వాత విస్తరించిన ఆన్‌లైన్ సమర్పణల వల్ల ప్రయాణ వ్యయం ఆదా అవుతున్నా, పట్టణాలకు దూరంగా పనిచేసే అధ్యాపకునికి తన రంగంలోని పరిశోధకులతో ముఖాముఖి పరిచయం ఆ పద్ధతిలో లభించదు. కేవలం ఖర్చు తక్కువన్న కారణంతో అటువంటివారి దరఖాస్తును ఆన్‌లైన్‌కు మళ్లించడం సముచితం కాదు.

సహాయం పొందినవారు హాజరు ధ్రువపత్రం, ప్రయాణ టికెట్లు, రుసుము రసీదుతో పాటు సమర్పించిన పత్రం ప్రతిని మార్చి 31లోగా ఖాతాల ముగింపునకు వీలుగా దాఖలు చేయాలి. మంజూరైనవారి పేర్లు, మొత్తాలు, తిరస్కరణకు కారణాలు స్టాఫ్ కౌన్సిల్ ముందుంచితే తదుపరి సంవత్సరం ప్రాధాన్య క్రమం ఎక్కడ మొదలవుతుందో అందరికీ ముందుగానే తెలుస్తుంది.