ముక్కు ఆఖరున దిగాలి

2003 డిసెంబర్ 17. రైట్ సోదరుల విమానం తొలిసారి గాల్లోకి లేచి ఆ రోజుకి సరిగ్గా వందేళ్లు. కాలిఫోర్నియాలోని మొహావి ఎడారి మీద, దాదాపు 48 వేల అడుగుల ఎత్తున, తల్లి విమానం పొట్ట కింద వేలాడుతున్న స్పేస్‌షిప్‌వన్‌లో బ్రయాన్ బిన్నీ ఒక్కడే కూర్చున్నాడు. కొక్కెం వదిలింది. రాకెట్ అంటుకుంది. అది మండింది 15 సెకన్లే. ఆ కాసేపట్లోనే ముక్కు ఆకాశంలోకి లేచింది, వేగం ధ్వనిని దాటింది, ఊపు తగ్గేసరికి ఎత్తు 68 వేల అడుగులకు చేరింది.

ఇక మిగిలింది దిగడం. నన్నడిగితే అసలు పరీక్ష అదే. రాకెట్ ఆరిపోయాక స్పేస్‌షిప్‌వన్ ఒట్టి గ్లైడర్. వాటం కుదరలేదని మళ్లీ పైకి లేచి, ఒక చుట్టు చుట్టి రావడానికి వీల్లేదు. ల్యాండింగ్ గేర్ ఒకసారి దించితే గాల్లో మళ్లీ ముడుచుకోదు. బయటికి చూడ్డానికి ఉన్నవి చిన్న చిన్న గుండ్రటి కిటికీలు. నేల ఇంకా ఎంత కిందుందో వాటిలోంచే పోల్చుకోవాలి.

పోల్చుకునేలోపే నేల తగిలింది. దెబ్బ గట్టిగా పడింది. ఎడమ చక్రం కాలు ముడుచుకుపోయి, విమానం ఆ పక్కకి వాలి, రన్‌వే దిగి ఇసుకలోకి దూసుకెళ్లి ఆగింది. బిన్నీకి దెబ్బలేమీ తగల్లేదు. మనసుకి మాత్రం తగిలింది. అతను ఒకప్పటి అమెరికా నేవీ పైలట్. నౌక డెక్ మీద దిగేవాళ్లు చివర్లో ముక్కెత్తి మెల్లగా ఆనించరు, వచ్చిన ఒడుపులోనే దించేస్తారు. అక్కడ తోక కొక్కేన్ని పట్టుకోవడానికి తీగలుంటాయి, దెబ్బకు తట్టుకునే ఇనుప కాళ్లుంటాయి. ఆ పాత అలవాటే ఇక్కడ కొంప ముంచిందన్నారు కొందరు.

ఆ రోజు దెబ్బతిన్నది వెనక కాలు. ముందు చక్రం విరగడానికి అసలు లేనే లేదు! స్పేస్‌షిప్‌వన్ ముక్కు కింద ఉన్నది చక్రం కాదు, కొనకు చెక్క తొడిగిన స్కిడ్. రన్‌వే మీద రాసుకుంటూ పోతుంది. రాపిడి వల్ల కొంత బ్రేకు పని కూడా చేస్తుంది. ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలున్న విమానంలో ప్రతి కిలోకీ లెక్క ఉంటుంది కదా.

దాని డిజైనర్ బర్ట్ రూటాన్. ఇంటి దగ్గర సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకి అంతకు ఎన్నో ఏళ్ల ముందే పరిచయమైన పేరు. 1975లో ఆయన వారీఈజీని ఎగరేశాడు, మరుసటేడు దాని ప్లాన్లు అమ్మకానికి పెట్టాడు. ఫోమ్ దిమ్మల్ని కోసి, వాటిమీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, ఎపాక్సీ పట్టించి, కారు షెడ్లలోనే ఎంతోమంది ఆ విమానాన్ని కట్టుకున్నారు. ఇంజన్ వెనకుంటుంది. పైలట్ దిగిపోతే తోక మీద కూలబడుతుంది. అందుకని ముందు కాలు లోపలికి మడిచి, ఎద్దుల్ని విప్పాక కాడి నేలకు దించిన బండిలా ముక్కు ఆనించి నిలబెడతారు.

ఆ ముందు కాలు సన్నగా ఉందని చూసినవాళ్లు భయపడతారు. అది దెబ్బ కాయడానికి పెట్టింది కాదు. మూడు చక్రాల చిన్న విమానం నిలబడి ఉన్నప్పుడు బరువులో ముందు చక్రం మోసేది పదో వంతు, కాస్త అటూ ఇటూ. మిగతాదంతా వెనక రెండిటిదే. ముందు చక్రం మొదట తాకితే ముక్కు పైకి ఎగురుతుంది, రెక్కలకు మళ్లీ గాలి అందుతుంది, విమానం గెంతుతుంది. కంగారుపడి స్టిక్‌ని ముందుకు తోస్తే రెండో గెంతు ఇంకా గట్టిగా పడుతుంది. చాలాసార్లు కాలు విరిగేది మొదటి దెబ్బకు కాదు, ఆ తర్వాతి గెంతుల్లో.

ఇలాగే సొంతంగా కట్టుకునే వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ విమానాల సంగతి ఇంకో రకం. ముందు చక్రమున్న పాత మోడళ్లలో ముందు కాలంటే ఒంటి ఉక్కు కడ్డీ. దాని కొసన అటూ ఇటూ స్వేచ్ఛగా తిరిగే చిన్న చక్రం, పట్టి ఉంచడానికి ఫోర్కు. ఆ ఫోర్కు దగ్గరి నట్టుకీ నేలకీ మధ్య సందు తక్కువ. గడ్డి నేలలో చక్రం గుంతలో దిగితే నట్టు మట్టిలో గుచ్చుకునేది, కడ్డీ వెనక్కి వంగి విమానం కిందికి పోయేది, విమానం తలకిందులయ్యేది. 2007లో కంపెనీ ఫోర్కు మార్చి నట్టును పైకి జరిపింది. కాలు మెరుగైంది. అయినా వెనక చక్రాలు తాకాక స్టిక్‌ని వెనక్కే పట్టి ఉంచమన్న పాఠం మారలేదు.

ఈ పాఠాన్ని మన దగ్గరే కళ్లారా చూడొచ్చు. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టుకుంటే ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం ఉంది. రన్‌వే 2,000 మీటర్లు, విమానాల రాకపోకలు 2021 మార్చిలో మొదలయ్యాయి. విమానం దిగేటప్పుడు బయటి నుంచే గమనించండి. వెనక చక్రాల దగ్గర మొదట చిన్న పొగ లేస్తుంది, ముక్కు ఇంకా గాల్లోనే ఉంటుంది. పైలట్ దాన్ని ఆఖరున, నింపాదిగా దించుతాడు.

బిన్నీ మళ్లీ నేర్చుకున్నదీ ఇలా నింపాదిగా దించడమే. స్పేస్‌షిప్‌వన్ తర్వాతి ప్రయాణాలు వేరేవాళ్లకి వెళ్లాయి. 2004 జూన్ 21న అంతరిక్షపు అంచు దాటింది సాటి పైలట్ మైక్ మెల్విల్. బిన్నీ మాత్రం రూటాన్ డిజైనే అయిన చిన్న లాంగ్ ఈజీలో ల్యాండింగులు సాధన చేస్తూ తన వంతు కోసం ఎదురుచూశాడు. అది 2004 అక్టోబర్ 4న వచ్చింది. 112 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, ఎక్స్ ప్రైజ్ అనే అంతరిక్ష పోటీ బహుమతి గెలిపించి, అదే మొహావి రన్‌వే మీద చక్కగా దించాడు. ఎక్కిన ఎత్తు కన్నా ఆ దించడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

2021 జూలై 11న మన ఆంధ్రాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వెళ్లిన బండ్ల శిరీష, స్పేస్‌షిప్‌వన్ వంశానికే చెందిన యూనిటీ అనే అంతరిక్ష విమానం ఎక్కి 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. ఇక్కడ మనం టీవీల ముందు చూసింది ఆమె తేలడాన్నే. కిందికి వచ్చేటప్పుడు యూనిటీ కూడా ఇంజన్ లేని గ్లైడరే, రెండో అవకాశం దానికీ లేదు. పైలట్లు డేవ్ మెకే, మైఖేల్ మసూచీ న్యూమెక్సికో రన్‌వే మీద మొదట వెనక చక్రాలు ఆనించి, ముక్కును ఆ తర్వాతే దించారు. 2024 జూన్‌లో ఆఖరిసారి ఎగిరే దాకా యూనిటీ ముక్కు కింద ఉన్నది స్కిడ్డే.