గింజ లోపలి మందు, ప్యాకెట్టు మీది ధర

సర్కారు వాటా అన్న మాట హైదరాబాద్‌లోని మా కార్వాన్‌కు కొత్త కాదు. గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ, మూసీ ఒడ్డున బిడారులు దిగి సరుకు విప్పిన చోటిది. వజ్రాల బేరగాళ్లూ సాహుకార్లూ కాపురమున్న జాగా కాబట్టే కార్వాన్ సాహు అన్న పేరు ఇంకా నిలిచింది. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిపోయిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే, ఓ వజ్రాల గనిలో జరిగే ప్రతి కొనుగోలు మీదా అక్కడి రాజుకు నూటికి రెండు చెల్లేదని రాసిపెట్టాడు. తవ్వుకోవడానికి ఇచ్చే అనుమతికి సొమ్ము వేరే.

నేను పుట్టి పెరిగింది టోలీ మసీదుకు దగ్గర్లోని ఓ గల్లీలో. కొలువు చేసింది మాత్రం వరంగల్ వైపు పల్లెల్లో, వ్యవసాయ అధికారిగా. పత్తి అంటే రజాయిలో దూది తప్ప తెలియని పట్నం పిల్లవాణ్ని ఆ కొలువు పత్తి చేలల్లో నిలబెట్టింది. నా ఉద్యోగ కాలంలోనే బీటీ పత్తి వచ్చింది, ఊళ్లన్నీ కమ్మేసింది, చివరికి పురుగు ముందు ఓడింది. ఆ పత్తిని అదుపు చేయడానికి వచ్చిన చట్టాలను, జీవోలను ఇప్పుడు వరసగా పేర్చి చూసుకుంటే నాకు ఒకటే అర్థమవుతున్నది. మన ప్రభుత్వాలకు ఈ పంట ధర దొరికింది గానీ పంట దొరకలేదు.

అసలు చిక్కు ఆ గింజను ఏ చట్టం కింద పెట్టాలన్న దగ్గరే మొదలైంది. బాసిల్లస్ తురింజియెన్సిస్, పొట్టిగా బీటీ, అనే మట్టి బాక్టీరియాను 1901లో జపాన్‌లో ఇషివాతా చచ్చిన పట్టుపురుగుల్లో చూశాడు. 1911లో జర్మనీలోని తురింజియాలో దాన్ని మళ్లీ చూసిన బెర్లినర్ దానికి పేరు పెట్టాడు. అది తయారుచేసే ప్రోటీను కొన్ని రకాల పురుగుల పేగుకు చిల్లులు పొడుస్తుంది. దాన్ని పొడిగా, ద్రావణంగా చేసి ఎన్నో ఏళ్లుగా చేల మీద కొడుతూనే ఉన్నారు. అదే ప్రోటీను చేసే జన్యువును అమెరికా కంపెనీ మోన్‌శాంటో వాళ్లు పత్తి మొక్కలోకి ఎక్కించారు. మందు డబ్బాలోంచి ఆకులోకి, కాయలోకి పోయింది.

నా జేబులో మూడు అధికారాలుండేవి. విత్తనాల ఇన్‌స్పెక్టర్ని, ఎరువుల ఇన్‌స్పెక్టర్ని, పురుగుమందుల ఇన్‌స్పెక్టర్ని. దుకాణంలో బీటీ పొడి డబ్బా కనపడితే 1968 పురుగుమందుల చట్టం కింద శాంపిల్ తీయవచ్చు. పక్క అరలోని బీటీ విత్తనాల ప్యాకెట్టును 1966 విత్తనాల చట్టం కింద పట్టుకుని మొలక శాతం చూడవచ్చు. ఆ గింజ లోపలున్న మందు మాత్రం ఈ రెండింటికీ అందదు. అమెరికాలో అలా కాదు. మొక్కలో పుట్టే ఆ ప్రోటీనును అక్కడి పర్యావరణ సంస్థ పురుగుమందుగానే రిజిస్టర్ చేసింది. పురుగుకు నిరోధం రాకుండా ఏం చేయాలో కూడా ఆ రిజిస్ట్రేషన్ షరతుల్లోనే రాసింది. మన దగ్గర అది పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబరులో వచ్చిన నిబంధనల పరిధిలోకి వెళ్లింది. ఢిల్లీలో జీఈఏసీ అనే కమిటీ, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒకటి, జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన మరొకటి. కాగితం మీద మెట్లన్నీ సరిగ్గానే కట్టారు. నేను పనిచేసిన చోట ఆ జిల్లా కమిటీ కూర్చున్నదన్న కబురు మాత్రం నా చెవిన పడలేదు.

ఆ గింజ కోసం మా వైపు రైతు ఎందుకంత ఆత్రపడ్డాడో చెప్పాలంటే 1997 వానాకాలం నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడు వరంగల్ పత్తి మీద పొగాకు లద్దె పురుగు విరుచుకుపడింది. అప్పటికే శనగపచ్చ పురుగు మందులకు మొండికెత్తి ఉంది. పురుగు చావకపోతే మోతాదు పెంచారు, అదీ చాలకపోతే రెండు మూడు మందులు కలిపి కొట్టారు. మందు అమ్మిన షావుకారే అప్పిచ్చిన షావుకారు. ఆ చలికాలంలో వరంగల్ పల్లెల నుంచి వచ్చిన రైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతా చదివింది. మందు కొట్టే పని లేని పత్తి అన్న మాట ఆ గాయం మీద వచ్చి పడింది.

1998లో మన దేశపు విత్తన కంపెనీ మహికో, మోన్‌శాంటో కలిసి కంపెనీ పెట్టి పలు రాష్ట్రాల్లో ప్రయోగాలు మొదలుపెట్టాయి. ఆ నవంబరులోనే కర్ణాటకలో నంజుండస్వామి నాయకత్వంలోని రైతు సంఘం ప్రయోగపు చేలను తగలబెట్టింది. ఢిల్లీలో ఫైళ్లు నడుస్తుండగానే 2001లో గుజరాత్‌లో నవభారత్ 151 అనే విత్తనం బయటపడింది. అనుమతి లేకుండా అందులో బీటీ జన్యువు ఉంది. పురుగు దాడికి చుట్టుపక్కల చేలు పోతే ఆ విత్తనం వేసిన చేలు నిలిచాయి. గుట్టు బయటపడింది అలాగే. పంట తగలబెట్టమని జీఈఏసీ ఆదేశించేనాటికి పత్తి చాలామటుకు మార్కెట్టుకు చేరింది. 2002 మార్చి 26న మెక్ 12, మెక్ 162, మెక్ 184 అనే మూడు హైబ్రిడ్లకు మూడేళ్ల అనుమతి వచ్చింది. చట్టం ముందు పుట్టినా, చేలోకి గింజే ముందు దిగింది.

అనుమతితో పాటు ఒక షరతు పెట్టారు. బీటీ చేను చుట్టూ అయిదు వరసలు గానీ, మొత్తం విస్తీర్ణంలో నూటికి ఇరవై వంతులు గానీ, ఏది ఎక్కువైతే అంత, మామూలు పత్తి వేయాలి. అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్టు వచ్చేది. ఓ రైతు ఆ చిన్న ప్యాకెట్టును నా ముందు ఊపుతూ అడిగిన మాట ఇంకా గుర్తుంది.

“ఇదెందుకు సారూ? పురుగులకు బువ్వ పెట్టనీకా?”

“అవునే, బువ్వ పెట్టనీకే” అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే శాస్త్రం చెప్పేది అదే. బీటీ తిని కూడా బతికే పురుగు లక్షల్లో ఒకటి ఉంటుంది. అలాంటివి రెండు జతకడితే పిల్లలన్నీ మొండివే. మామూలు పత్తి మీద పెరిగిన మెత్తటి పురుగులు పక్కనే వేల సంఖ్యలో ఉంటే, మొండి పురుగు వాటితోనే జతకడుతుంది. ఆ పిల్లలు బీటీ ఆకు కొరికితే ఎక్కువ భాగం చస్తాయి. పురుగుకు పెట్టే ఆ బువ్వ రేపటి పంటకు బీమా. కానీ రెండెకరాల కౌలు రైతును అయిదో వంతు నేల పురుగుకు వదలమంటే ఎవరు వదులుతారు? కొందరు ఆ ప్యాకెట్టును గట్టు మీద పారేశారు, కొందరు మొలక రాని చోట నాటుకున్నారు. వేయకపోతే రైతుకు శిక్ష లేదు, అమ్మినవాడికి బాధ్యత లేదు, చూసిరమ్మని మాకు ఉత్తర్వు లేదు. ఒక దేశం మొత్తానికి పెట్టిన జాగ్రత్త 120 గ్రాముల సంచిలో మొదలై అక్కడే ఆగిపోయింది.

ధర దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వానికి చురుకు పుట్టింది. మొదటి రకాలు మా నేలలో నిరాశపరిచాయి. వరంగల్ రైతులు నష్టపరిహారం కోసం రోడ్డెక్కారు. 2005 మే నెలలో జీఈఏసీ ఆ మూడు హైబ్రిడ్లకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. అప్పటికి అదే జన్యువుతో వేరే కంపెనీల హైబ్రిడ్లు వచ్చేస్తున్నాయి. 450 గ్రాముల ప్యాకెట్టు 1,850 రూపాయల దాకా పలికేది. అందులో 1,250 ఆ జన్యువు మీద హక్కుకే. టావెర్నియే చెప్పిన రాజు నూటికి రెండు తీసుకున్నాడు, ఈ జన్యువు యజమానికి మూడింట రెండు వంతులు ముట్టింది.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2006 జనవరిలో గుత్తాధిపత్యాల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. వ్యవసాయ మంత్రి రఘువీరారెడ్డి దీన్ని పట్టుబట్టి నడిపించారు. మే 11న కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ నెలలోనే రాష్ట్రం ప్యాకెట్టుకు 750 రూపాయలకు మించి తీసుకోరాదని నిర్ణయించింది. మోన్‌శాంటో పక్షం సుప్రీంకోర్టుకు పోయినా స్టే రాలేదు. ఇతర రాష్ట్రాలు కూడా మన దారిన నడిచాయి. 2007 ఫిబ్రవరిలో పత్తి విత్తనం నిత్యావసర సరుకుల చట్టం పరిధి నుంచి జారిపోతే, హైదరాబాద్ ఊరుకోలేదు, పత్తి విత్తనాల సరఫరాకూ ధరకూ సొంత చట్టమే చేసుకుంది. ఆ వానాకాలాలు నాకు బాగా గుర్తు. రోహిణి కార్తె రాగానే దుకాణాల మీద పడి ఎమ్మార్పీ చూసేవాళ్లం, బిల్లు పుస్తకాలు సరిచూసేవాళ్లం. బ్లాకులో అమ్మేవాణ్ని పట్టుకుంటే పేపరులో ఫొటో వచ్చేది. రైతు జేబుకు నిజంగా మేలు జరిగింది. ఆ పనిలో నా భాగం గురించి నాకు గర్వమే.

2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ధరల ఉత్తర్వు తెచ్చింది. 2020 నాటికి జన్యువు మీద కట్టాల్సిన రుసుమును సున్నా చేసింది. మన నూజివీడు సీడ్స్‌కూ మోన్‌శాంటోకూ పేటెంటు మీద నడిచిన దావా ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు ఎక్కింది. ధర, రుసుము, పేటెంటు అంటే వకీళ్లున్నారు, జడ్జీలున్నారు, జీవోలున్నాయి. పురుగు తరఫున మాత్రం ఎవరూ వకాల్తా పుచ్చుకోలేదు.

పురుగు తన పని తాను చేసుకుపోయింది. శనగపచ్చ పురుగుకు కంది, శనగ, టమాట ఏదైనా ఒకటే. బీటీ లేని తిండి దానికి ఊరంతా దొరుకుతుంది కాబట్టి మెత్తటి పురుగులు మిగులుతూ వచ్చాయి. గులాబీ రంగు పురుగు అలా కాదు. దాని బతుకంతా దాదాపు పత్తి కాయలోనే. ఊళ్లో పత్తి అంతా బీటీ అయ్యాక దానికి మిగిలిన దారి ఒక్కటే, మొండికెత్తడం. మామూలు పత్తికి బదులు గట్టు వెంట కంది వేసినా దానికి ఉపయోగం లేదు. పైగా నీళ్లున్న రైతు మార్చి దాకా పంటను చేలోనే ఉంచాడు. గుజరాత్ చేలలో గులాబీ పురుగు మొదటి రకానికి తట్టుకుంటున్నదని 2010లో మోన్‌శాంటోయే ఒప్పుకుంది. తర్వాత కొన్నేళ్లకే రెండు జన్యువుల బోల్‌గార్డ్ 2 కూడా దానికి లొంగిపోయింది. పైకి పచ్చగా నిలబడ్డ చేనులో కాయ చీల్చి చూస్తే లోపల గులాబీ పురుగు. ఇప్పుడు 475 గ్రాముల ప్యాకెట్టులోనే మామూలు గింజలు కలిపి ఇస్తున్నారు. పారేయడానికి వీల్లేని ఆ ఏర్పాటు 2002లోనే చేసి ఉంటే అన్న మాట నన్ను వదలదు.

ఒక్కసారి మాత్రం సర్కారు అమ్మకానికి ముందే అడిగింది. బీటీ వంకాయకు 2009 అక్టోబరులో జీఈఏసీ ఊ కొట్టాక, కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో జనాన్ని కూర్చోబెట్టారు. హైదరాబాద్ వంతు 2010 జనవరి 31న, సంతోష్‌నగర్‌లోని క్రీడా అనే మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలో. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థను కట్టిన పుష్ప భార్గవ అప్పటికే సుప్రీంకోర్టు పంపగా జీఈఏసీలో కూర్చుని, పరీక్షలు చాలవని గట్టిగా వాదిస్తున్నారు. ఫిబ్రవరి 9న మంత్రి ఆ వంకాయను ఆపేశారు. బంగ్లాదేశ్ 2013లో అదే జన్యువున్న వంకాయకు అనుమతిచ్చింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న వాదన అలా ఉంచండి. గింజ చేలోకి పోకముందే ప్రశ్న అడగడం సాధ్యమేనని ఆ రోజు తేలింది.

పత్తి విషయంలో ఆ పాఠం ఎవరూ నేర్చుకోలేదు. గడ్డిమందుకు చావని పత్తికి దేశంలో నేటికీ అనుమతి లేదు. అయినా కూలి దొరకని రైతు దానికోసం వెతుకుతాడు, అది లూజుగా, బిల్లు లేకుండా దొరుకుతుంది. తెలంగాణలో నకిలీ విత్తనాలవాళ్ల మీద ముందస్తు నిర్బంధానికి వాడే పీడీ యాక్టు పెడుతున్నారు. మూటలు పట్టుకుని బల్ల మీద పేర్చి పోలీసులు ఫొటోలు దిగుతున్నారు. ఆ గింజ ధర ఏ ఉత్తర్వులోనూ లేదు. పురుగు కోసం కలిపిన మామూలు గింజలూ అందులో లేవు. దుకాణం చుట్టూ కట్టిన చట్టానికి దుకాణంలోకే రాని గింజ ఎలా చిక్కుతుంది?

నన్నడిగితే కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 1989 నిబంధనల్లోని ఆ జిల్లా కమిటీని ఏటా ఏప్రిల్‌లో, విత్తనం రాకముందే కూర్చోబెట్టాలి. నిరుడు ఏ మండలంలో ఎన్ని కాయల్లో గులాబీ పురుగు దొరికిందో, పత్తిని ఎప్పటిదాకా చేలో ఉంచారో లెక్క అడగాలి. ఎమ్మార్పీ చూడటానికి మమ్మల్ని దుకాణాలకు తరిమినంత పట్టుదలతోనే, కాయలు చీల్చి చూడటానికి వ్యవసాయ విస్తరణ అధికారులను చేలకు పంపాలి. అధికారాలున్నాయి, మనుషులున్నారు. ఆ లెక్క అడిగే కలెక్టరు కావాలి.