కొర్ర వెన్ను కథ: జెర్బిల్ గిన్నెలో మన నల్లరేగడి చరిత్ర

నేను పాములపాడు నుంచి మాట్లాడుతున్నాను.

పెట్ షాపుకి వెళ్తే 'మిల్లెట్ స్ప్రే' అని ఒక ప్యాకెట్ చూపిస్తారు, చూశారా? జెర్బిళ్లకి, హ్యామ్‌స్టర్లకి, చిలకలకి మంచిదంటారు. లోపల నాలుగైదు ఎండు కంకులుంటాయి, అంతే. ఆ కంకిని మా ఊళ్లో ఏ పెద్దాయన చేతిలో పెట్టినా ఒక్క క్షణం ఆలోచించడు. "ఇది కొర్ర వెన్ను కదరా" అంటాడు. అవును, అది మన కొర్రే.

ఈ ఎపిసోడ్‌లో జెర్బిల్‌కి ఇంట్లోనే తిండి ఎలా కలుపుకోవాలో కొలతలతో సహా చెప్తాను. కానీ ఏ గింజ ఎంత వెయ్యాలో తెలియాలంటే, ముందు ఆ గింజ ఎక్కడిదో, ఆ జంతువు ఎక్కడిదో తెలియాలి. అందుకే రెసిపీ చివర్లో పెట్టాను. ముందు చరిత్ర.

బోనులోకి ఎలా వచ్చింది?

మనం ఇళ్లల్లో పెంచుకునేది మంగోలియన్ జెర్బిల్. 1866లో ఆర్మాండ్ డేవిడ్ అనే ఫ్రెంచ్ ఫాదర్ ఉత్తర చైనాలో తిరుగుతూ, "పసుపు ఎలుకలు" అని చెప్పి వీటిని పారిస్ మ్యూజియంకి పంపించాడు. జెయింట్ పాండాని యూరప్‌కి పరిచయం చేసింది కూడా ఈయనే. మరుసటి ఏడాది, అంటే 1867లో, మిల్న్ ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ఈ ఎలుకకి శాస్త్రీయ నామం పెట్టాడు.

తర్వాత చాలా ఏళ్లు దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1935లో అమూర్ నది ప్రాంతంలో 20 జతలు పట్టుకుని జపాన్ ల్యాబుల్లో పెంచారు. 1954లో వాటి సంతతిలో 11 జతలు అమెరికాకి, విక్టర్ ష్వెంట్కర్ అనే ఆయన నడిపే టంబుల్‌బ్రూక్ ఫామ్‌కి చేరాయి. ఆ 22 జంతువుల్లో పిల్లల్ని పెట్టినవి 9 మాత్రమే. 5 ఆడవి, 4 మగవి. 1964లో అక్కడి నుంచి బ్రిటన్‌కి వెళ్లాయి. ఇవాళ ప్రపంచంలో పెంపుడు జెర్బిళ్లలో చాలా భాగం ఆ గుప్పెడు జంతువుల మనవలు, మునిమనవలే అన్నమాట.

ఇప్పుడు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. దీని పుట్టిల్లు మంగోలియా, ఉత్తర చైనా. వానలు తక్కువ. గడ్డి నేల. ఆ గడ్డికి కాసే సన్న గింజలే దీని ప్రధాన ఆహారం. చలికాలం కోసం ఆ గింజల్నే బొరియలో దాచుకుంటుంది.

మరి కొర్ర పుట్టిల్లు ఎక్కడ? అది కూడా ఉత్తర చైనాయే! కనీసం 8 వేల ఏళ్ల కిందటే అక్కడి రైతులు ఒక అడవి గడ్డిని మచ్చిక చేసుకుని కొర్రగా మార్చారు. అక్కడి నుంచి అది ఊరూరూ తిరుగుతూ మన దక్కన్ రేగళ్ల దాకా వచ్చి, కొర్రన్నం అయి మన కంచంలో కూర్చుంది. అంటే మీ బోనులో ఉన్న జెర్బిల్, మీ అవ్వ వండిన కొర్రన్నం, రెండూ ఒకే ఊరివాళ్లు. వేరే వేరే దారుల్లో వచ్చి మన ఇంట్లో కలుసుకున్నాయి.

మనకీ ఒక జెర్బిల్ ఉంది

ఇది చాలామందికి తెలియదు. మన చేలల్లోనే ఒక జెర్బిల్ జాతి ఉంది. శాస్త్రీయ నామం టటేరా ఇండికా. పెద్ద కళ్లు, పొడవాటి తోక, తోక చివర నల్లటి కుచ్చు. వెనక కాళ్లు పెద్దవి, గెంతుతూ పరిగెడుతుంది. పగలంతా బొరియలో, రాత్రి చేలో.

ఇది మన దగ్గర ఎప్పటి నుంచి ఉంది? మన నంద్యాల జిల్లాలోనే బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలున్నాయి. 1884, 85 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వకాలు చేశారు. దొరికిన ఎముకల్ని లిడెక్కర్ అనే శాస్త్రవేత్త పరిశీలించి 1886లో జాబితా వేశాడు. అందులో పందికొక్కు ఉంది, మెట్ట ఎలుక ఉంది, మన జెర్బిల్ కూడా ఉంది. అంటే ఇక్కడ కొర్ర చేను అనేది లేని రోజుల్లోనే జెర్బిల్ ఉంది.

పేర్ల సంగతి ఇంకా బాగుంటుంది. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1867లో భారతదేశపు క్షీరదాల మీద ఒక పుస్తకం వేశాడు. ఈ జంతువుని వడ్డెర్లు "యెరి యెల్క" అంటారని, యానాదులు "తెల్ యెల్క" అంటారని అందులో రాసుకున్నాడు. యెల్క అంటే మన ఎలుకే. నా చెవికైతే అవి ఎర్ర ఎలుక, తెల్ల ఎలుక అని వినబడతాయి. దాని వీపు ఎర్రగోధుమ రంగు, పొట్ట తెలుపు. ఒకరు పైనుంచి చూసి పేరు పెట్టారు, ఇంకొకరు తిరగేసి చూసి పెట్టారు అనిపిస్తుంది.

ఆ పేర్లు దొరలు కనిపెట్టినవి కావు. చెరువులు, కాలువలు తవ్వే వడ్డెర్లు, ఎలుక బొరియల్లోకి కుండతో పొగ ఊది ఎలుకల్ని బయటికి రప్పించే యానాదులు చెప్తే, దొరలు రాసుకున్నారు. ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అనే మాట కూడా మన 'పందికొక్కు' నుంచే వెళ్లింది!

బొరియలో ఉన్న మెనూ

ఏ గింజ ఎలుకకి నచ్చుతుందో వాళ్లకి ఎలా తెలుసు? బొరియ తవ్వి చూశారు కాబట్టి.

1839లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి ధార్వాడ వైపు జంతువుల గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. అక్కడిదీ మనలాంటి నల్లరేగడే. కొక్కు బొరియల గురించి రాస్తూ ఆయన ఒక కొలత ఇచ్చాడు. ఒక్క బొరియలో ఒక్కోసారి అర సేరు ధాన్యం దొరుకుతుందట, అంటే దాదాపు అర కిలో. జొన్న కంకులు కంకులుగానే ఉండేవట. గింజలు బాగా దొరికే చోట్ల వడ్డెర్లు ఆ కాలమంతా దాదాపు దాని మీదే బతికేవాళ్లని కూడా రాశాడు.

ఈ మాట దగ్గర కాస్త ఆగుదాం. మనకి జెర్బిల్ తిండి ఒక హాబీ. వాళ్లకి ఎలుక దాచిన గింజ ఆ పూట కూడు. 1876 నుంచి 78 దాకా వచ్చిన మహా కరువులో మన కర్నూలు జిల్లా ఘోరంగా దెబ్బతింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. అలాంటి నేల ఇది. ఇక్కడ గింజ గురించిన జ్ఞానం సరదాగా పుట్టలేదు. దాన్ని కాపాడినవాళ్లకి ఊళ్లో మర్యాద దక్కలేదు, పుస్తకాల్లో పేర్లూ దక్కలేదు. కులం పేరు ఒక్కటే దక్కింది.

పొద్దుతిరుగుడు ఎప్పుడొచ్చింది?

మా వైపు పాత సేద్యంలో ఒక చేలో ఒకే పంట ఉండేది కాదు. పత్తి సాళ్ల మధ్య కొర్ర, జొన్నలో కంది, గట్టు మీద ఆముదం. చేనే ఒక మిక్స్! ఆ చేలో తిరిగే జెర్బిల్‌కి కొర్ర గింజ, గడ్డి గింజ, వేర్లు, పురుగు, అన్నీ కాలాన్ని బట్టి దొరికేవి.

1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు కడప కాలువ తవ్వింది. మొదట్లో చాలామంది రైతులు ఆ నీళ్ల వైపు చూడలేదు, రేగడిలో కొర్రకీ జొన్నకీ వానే చాలనుకున్నారు. తర్వాత పోతిరెడ్డిపాడు నుంచి శ్రీశైలం నీళ్లొచ్చాయి. మీరు న్యూస్‌లో వినే బనకచెర్ల రెగ్యులేటర్ మా పాములపాడు మండలంలోదే. నీళ్లొచ్చాక వరి వచ్చింది. అది తప్పని నేననను, నీళ్ల కోసం మా తాతలు పడిన బాధ నాకు తెలుసు. కానీ కొర్ర మాత్రం మూలకి జరిగింది.

పొద్దుతిరుగుడు అయితే ఇంకా కొత్త. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. మన దేశానికి నూనె పంటగా వచ్చింది 1969లో, రష్యన్ రకాలతో. మంగోలియా జెర్బిల్ పూర్వీకులు గానీ, బిల్లసుర్గం జెర్బిల్ గానీ దాని ముఖం చూసి ఉండవు. అయినా చాలా రెడీమేడ్ ప్యాకెట్లలో ఎక్కువగా కనిపించేది అదే. ఎందుకంటే జెర్బిల్‌కి అదంటే ప్రాణం. గిన్నెలో పది రకాలున్నా ముందు దాన్నే ఏరుకుంటుంది. పప్పులో దాదాపు సగం కొవ్వు, క్యాల్షియం చాలా తక్కువ. రోజూ అదే తింటే ఒళ్లు వస్తుంది, ఎముక బలహీనపడుతుంది. మన పిల్లలకి చిప్స్ ఎలాగో దానికి ఇది అలాగ.

ఇప్పుడు మిక్స్

జెర్బిల్‌ని ఒంటరిగా పెంచకూడదు, కాబట్టి జతకి లెక్క చెప్తున్నాను. ఒక్కో పెద్ద జెర్బిల్‌కి రోజుకి 5 నుంచి 8 గ్రాములు చాలు, దాదాపు రెండు టీస్పూన్లు. జతకి నెలకి అర కిలో సరిపోతుంది. చూశారా, ఇలియట్ చెప్పిన అర సేరు లెక్క మళ్లీ వచ్చింది!

కొర్రలు 150 గ్రాములు. కొర్ర బియ్యం కాదు, పొట్టు తీయనివి. పొట్టు ఒలుచుకోవడం దానికి పని, ఆట రెండూనూ. సజ్జలు 75, జొన్నలు 75, అండుకొర్రలు గానీ సామలు గానీ 50, ఏమీ కలపని ఓట్స్ 50. ప్రోటీన్ కోసం ఉప్పు లేని పుట్నాలు 50. గుమ్మడి గింజలు 15, అవిసె గింజలు 15, నువ్వులు 10. పొద్దుతిరుగుడు 10 గ్రాములు మాత్రమే, అది కూడా చేత్తో తినిపించడానికి పక్కన పెట్టుకోండి. మొత్తం 500.

అండుకొర్రని తక్కువగా చూడకండి. బళ్లారి దగ్గర సంగనకల్లు లాంటి కొత్త రాతియుగపు ఊళ్లలో 4 వేల ఏళ్ల కిందటే జనం తిన్న గింజల్లో అది ముఖ్యమైనది.

వారానికి ఒకసారి ఉడికించిన గుడ్డు తెల్లసొన చిటికెడంత పెట్టండి. ఎండుగడ్డి, నీళ్లు ఎప్పుడూ ఉండాలి. గింజల్లో అన్ని విటమిన్లూ ఉండవు, కాబట్టి పెల్లెట్లు వాడుతుంటే ఆపెయ్యకండి, మిక్స్‌ని కాస్త తగ్గించి రెండూ పెట్టండి. గిన్నెలో పోసే బదులు బోనులో చల్లండి, వెతుక్కుని తింటుంది. ముందు పెట్టింది అయిపోయాకే మళ్లీ వెయ్యండి. లేకపోతే నచ్చింది ఏరుకుని మిగతాది వదిలేస్తుంది.

రెండు జాగ్రత్తలు, దయచేసి స్కిప్ చెయ్యకండి

మొదటిది. గింజలు కిరాణా కొట్లోనే కొనండి, విత్తనాల కొట్లో వద్దు. విత్తనాల ప్యాకెట్లో గింజలకి గులాబీ, ఎరుపు, పచ్చ రంగులుంటాయి. అది తెగుళ్ల మందు. కడిగినా పోదు. పల్లెటూళ్లో ఇంట్లో మిగిలిన విత్తనాలు సంచుల్లో ఉంటాయి కదా, అవి అస్సలు వద్దు.

రెండోది, బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే మేతలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. ఆ వేరుశనగకి పట్టిన బూజు విషానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. వేరుశనగ మన సీమలో ఇంటింటా ఉంటుంది కాబట్టే చెప్తున్నాను. నా మిక్స్‌లో అది లేకపోవడానికి కారణం ఇదే. మిగతా గింజలు కూడా ఒక పూట ఎండబెట్టి, గాలి చొరబడని డబ్బాలో పొయ్యండి. వానాకాలంలో నెలకి మించి నిల్వ పెట్టకండి. ముక్క వాసన వస్తే పారెయ్యండి.

ఇంకో మాట. చేలో జెర్బిల్ కనిపిస్తే పట్టుకొచ్చి పెంచాలని చూడకండి. అడవి ఎలుకలతో రోగాలు వస్తాయి, పైగా దాని బతుకు చేలోనే.

కొర్ర పూర్తిగా పోలేదు, అది సంతోషం. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం సూర్యనంది లాంటి కొర్ర రకాలు ఇచ్చింది. మా చుట్టుపక్కల ఇంకా వేసేవాళ్లున్నారు. కాబట్టి ఈసారి ఆ మిల్లెట్ స్ప్రే ప్యాకెట్ కొనే ముందు, మీ ఊళ్లోనో పక్కూళ్లోనో కొర్ర వేసిన రైతు ఎవరో అడిగి తెలుసుకోండి. మందు కొట్టని చేలో నాలుగు వెన్నులు అడిగితే ఎవరూ కాదనరు. అవి జెర్బిల్‌కి ఇవ్వండి. ఆ రైతు దగ్గరే ఒక కిలో కొర్ర బియ్యం కూడా కొని, ఇంట్లో కొర్రన్నం వండించుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను అండి.