పెరటి చిట్కా ఎక్కడ పుట్టింది?

విశాఖ దగ్గరి పద్మనాభం అనగానే చరిత్ర చదివినవాళ్లకు 1794 జూలై 10 గుర్తొస్తుంది. పేష్కష్ అనే కప్పం బకాయిల విషయంలో ఈస్టిండియా కంపెనీకి ఎదురు నిలిచిన విజయనగరం రాజు చిన విజయరామరాజు ఆ రోజు ఇక్కడి యుద్ధంలో ప్రాణాలు విడిచాడు. భక్తులకైతే కొండ మీది అనంత పద్మనాభస్వామి, కొండ కింది కుంతీ మాధవస్వామి, కార్తీక అమావాస్య నాడు వెయ్యికి పైగా మెట్ల మీద వెలిగే దీపాలు గుర్తొస్తాయి. ఆ చుట్టుపక్కలే అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి ఉంది, కళింగ దండయాత్రలో కృష్ణదేవరాయలు జయస్తంభం నాటించిన పొట్నూరు ఉంది. రాజులకూ దేవుళ్లకూ వీరులకూ ఇక్కడ చరిత్ర దొరుకుతుంది. ఈ నేల మీద తరతరాలుగా పొయ్యి వెలిగించి, పాదులు పెట్టి, పిల్లల్ని పెంచిన సంసారాల చరిత్రను మాత్రం ఎవరూ రాతి మీద చెక్కించలేదు. అది మిగిలింది పెద్దవాళ్లు నోటిమాటగా చెప్పే చిట్కాల్లోనే. బియ్యంలో వేపాకు వెయ్యమనడం, చిక్కుడు పాదు మీద బూడిద చల్లమనడం, కందులకు ఆముదం పట్టించమనడం మన దగ్గర మిగిలిన ఆధారాలు. వాటిని చరిత్ర ఆధారాలుగానే చదవాలని నా వాదన. చిట్కా అంటే ఒక నేలలో, ఒక వాతావరణంలో, ఒక కరువులో, చేతికందిన వస్తువులతో జనం చేసి చూసిన ప్రయోగానికి మిగిలిన ఫలితం. కాబట్టి దాన్ని కళ్లు మూసుకుని నమ్మడమూ తప్పే, చులకనగా తోసెయ్యడమూ తప్పే. ఏ పరిస్థితిలో పుట్టిందో తెలుసుకుని, ఆ పరిస్థితి ఇప్పుడు ఉందో లేదో చూసి వాడుకోవాలి.

ముందు నేల సంగతి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగివచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది పరివాహకంలో పద్మనాభం ఉంది. మెట్ట భూములు ఎక్కువ, ఎర్ర నేలలు ఎక్కువ, సేద్యానికి చెరువులే దిక్కు. సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమకు కొదవ లేదు, ఆశ్వయుజ కార్తీకాల్లో తుపాన్ల భయం ఉండనే ఉంది. ఇలాంటి చోట పంట పండించడం ఎంత కష్టమో, పండిన గింజను మళ్లీ పంట దాకా నిలబెట్టుకోవడమూ అంతే కష్టం. చెమ్మ తగిలితే బియ్యంలో ముక్క పురుగు, అపరాల్లో పెంకు పురుగు పడతాయి. మరో నాలుగు నెలలు ఇంటిల్లిపాదీ తినాల్సిన గింజ పిండైపోతుంది. ఇక్కడి దాపుడు చిట్కాలన్నీ ఈ భయంలోంచే వచ్చాయి. చోళ్లూ గంట్లూ ఎండబెట్టి గాదెలో పోసేవారు. విత్తనానికి ఉంచిన కంకుల్ని పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసేవారు. ఆనప గింజల్ని బూడిదలో కలిపి దాచేవారు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టేవారు, పప్పుకు కాస్త ఆముదం రాసేవారు. వీటిలో ప్రతిదానికీ కారణం చెప్పగలం. బూడిద, మట్టి గింజల మధ్య సందుల్ని నింపి పురుగును తిరగనివ్వవు. పైగా దాని ఒంటి మీది మైనపు పొరను గీసి, లోపలి తేమ ఆరిపోయేలా చేస్తాయి. నూనె పూత ఉన్న గింజ మీద పెట్టిన గుడ్లకు గాలి అందదు. పొగ గింజలోని చెమ్మను తీసేస్తుంది. పురుగుల శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కకముందే ఆ పురుగు బతుకు ఎక్కడ ఆగుతుందో ఈ ఇళ్లకు తెలుసు.

అలాగని ఇదంతా అనాదిగా మారకుండా వస్తున్న సంప్రదాయమని అనుకుంటే చరిత్ర ఒప్పుకోదు. పెరట్లోకి వెళ్లి చూస్తే చాలు. వేప, కరివేప, ములగ, కంద, అరటి ఈ దేశానికి పాతకాపులు. పక్కనే ఉన్న మిరప, జామ, బొప్పాయి, సీతాఫలం, టమాటా మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. ఈ తీరం పొడవునా ఇసుక నేలల్లో పెరిగే జీడిమామిడి కూడా అక్కడిదే. వీటిలో చాలా మొక్కలు 16వ శతాబ్దం నుంచి పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి వచ్చి, చేతులు మారుతూ తూర్పు తీరానికి చేరాయి. పొట్నూరులో రాయలు స్తంభం నాటించేనాటికి ఈ పెరళ్లలో మిరప మొక్క లేదు, వంటకు కారం ఎక్కువగా మిరియమే ఇచ్చేది. అంటే నేడు తెలుగువాళ్ల గుర్తింపుగా చెప్పుకునే ఎర్రటి ఆవకాయ వయసు ఐదు వందల ఏళ్లు కూడా ఉండదు. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు, మన ఇళ్ల అసలు గొప్పతనం ఇక్కడే కనబడుతుంది. ఎక్కడో పుట్టిన కాయను నాటి చూసి, ఎండబెట్టి చూసి, ఎంత ఉప్పు పడితే బూజు పట్టదో, ఎంత నూనె తేలితే ఏడాది నిలుస్తుందో లెక్క తేల్చింది వంటింట్లోని ఆడవాళ్లే. కొత్తదాన్ని పరీక్షించి కలుపుకునే ఆ అలవాటే సంప్రదాయం, దాని ఫలితంగా వచ్చిన వంటకం ఒక దశ మాత్రమే.

ఈ ఇంటి తెలివిని బయటివాళ్లు గుర్తించిన సందర్భమూ ఉంది. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉంటూ తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ ఈ తీరపు మొక్కల్ని వర్ణిస్తూ వాటి తెలుగు పేర్లనూ, స్థానికులు వాటిని వాడే తీరునూ రాసుకున్నాడు. 1795 నుంచి అచ్చయిన ఆయన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథానికి బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులే. తెలుగులో సోమిద అనే చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఆయన పరీక్షించి చూశాడు. ఆ చెట్టుకు శాస్త్రీయ నామంలో నేటికీ తెలుగు పేరే నిలిచింది. కానీ చెట్టు పేరు చెప్పినవాళ్ల పేర్లు, వాడే పద్ధతి నేర్పినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఆ నోటిమాట అచ్చులోకి రావడానికి మరో వందేళ్లు పట్టింది. స్త్రీల కోసం కందుకూరి వీరేశలింగం 1883లో ‘సతీహితబోధిని’ పత్రిక ప్రారంభించారు. 1902లో ‘హిందూ సుందరి’, 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కేసరి ‘గృహలక్ష్మి’ వచ్చాయి. 1974 ఆగస్టు 10న విశాఖలో పుట్టిన ‘ఈనాడు’ తర్వాతి కాలంలో ‘వసుంధర’ పేజీతో ఇంటి చిట్కాను రోజువారీ పత్రికలోకి తెచ్చింది. అచ్చు వల్ల మేలు చాలా జరిగింది. ఒక ఇంటి కోడలికి తెలిసింది వంద ఊళ్లకు చేరింది. రాయడం వచ్చిన స్త్రీ తన ఇంటి పనిని చెప్పదగిన విషయంగా గుర్తించింది. నష్టమూ జరిగింది. రెండు వాక్యాల్లోకి కుదించేసరికి చిట్కా తన ఊరును పోగొట్టుకుంది. ఏ నేలకు, ఏ నెలలో, ఎంత మోతాదులో అన్నవి రాలిపోయి ‘ఇలా చేస్తే మంచిది’ అన్న ఒక్క మాట మిగిలింది. పక్కింటి పెద్దమ్మను అడిగితే ఆమె ముందు మన పాదు చూసి, తర్వాత చెబుతుంది. అచ్చులోని చిట్కాకు ఆ చూపు లేదు.

దీనికి సరైన ఉదాహరణ నూతి దగ్గరి అరటి పాదు. స్నానాల నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు అరటికి మళ్లించడం ఇక్కడి పాత పద్ధతి. నీటి ఎద్దడి ఉన్న మెట్ట ఊళ్లలో అది గొప్ప పొదుపు. అప్పట్లో ఆ నీళ్లలో ఉండేది కుంకుడు రసం, సున్నిపిండి, కాస్త బూడిద, ఇంత మెతుకు. ఇప్పుడు అదే గొట్టంలోంచి వచ్చేది డిటర్జెంటు నీళ్లు. బట్టల పొడిలోని సోడియం లవణాలు ఏళ్ల తరబడి పేరుకుంటే మట్టి గట్టిపడి, వేరుకు నీరు ఇంకదు. చిట్కా పాతదే, నీళ్లు మారాయి. బూడిద సంగతీ అంతే. పొయ్యిలో మిగిలే కట్టె బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి, పుల్లటి ఎర్ర నేలకు అది మేలు చేస్తుంది. ఇప్పుడు గ్యాసు పొయ్యిలో బూడిద ఉండదు. విశాఖ చుట్టుపక్కల విరివిగా ఉన్నది బొగ్గు కాల్చే కేంద్రాల బూడిద. అందులో భార లోహాలు ఉంటాయి కనుక, బూడిదే కదా అని ఆకుకూర మడిలో చల్లితే మేలు కోరి కీడు తెచ్చుకున్నట్టే. చిట్కాను పదం పదం పాటించేవాడికి ఈ తేడా తెలియదు, కారణం తెలిసినవాడికి తెలుస్తుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. ఇంటి చిట్కాల్లో మూఢత్వమూ ఉంది, ప్రాణాలు తీసినవీ ఉన్నాయని ఆధునిక వైద్యం చదివినవాళ్లు అంటారు. ఆ మాట నిజం. పసిబిడ్డ బొడ్డుకు పేడ, బూడిద పూసే అలవాటు ఎందరో బిడ్డల్ని ధనుర్వాతానికి బలిచ్చింది. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బొడ్డుకోత ఊరూరా చేరాకే 2015లో తల్లీబిడ్డల ధనుర్వాతం దేశంలో అదుపులోకి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దీన్ని దాచిపెట్టి చిట్కాల గొప్ప చెప్పడం నేరమే. కానీ ఈ ఉదాహరణ నా వాదనకే బలం. పేడ అలుకుడు మట్టి నేలను దుమ్ము లేకుండా గట్టిపరిచింది కాబట్టి నేలకు నిలిచింది. తెగిన బొడ్డు మీద అది విషమైంది కాబట్టి అక్కడ పోయింది. రెండు తీర్పులకూ కొలబద్ద ఒకటే, పరీక్ష. అదే పరీక్షకు వేప నిలబడింది. 1962లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేప గింజల ద్రావణం చల్లిన పైరును మిడతలు ముట్టవని చూపారు. 1968లో అందులో పురుగుల్ని ఆపే రసాయనం అజాడిరక్టిన్‌ను వేరే శాస్త్రవేత్తలు విడదీశారు. వేప నూనెతో శిలీంధ్రాల్ని అదుపు చేసే పద్ధతి మీద ఒక అమెరికన్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి ఐరోపాలో దక్కిన పేటెంటు 2000లో రద్దయింది, 2005లో ఆ రద్దు ఖాయమైంది. గాయానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1997లో రద్దు చేయించింది. ఈ పోరాటాల్లో ముఖ్యంగా అక్కరకొచ్చింది ‘మా అమ్మమ్మ చెప్పింది’ అన్న మాట కాదు, అంతకుముందే ఎక్కడో ఎవరో రాసిపెట్టిన కాగితం. రాయని తెలివి తనదని నిరూపించుకోలేదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. చిట్కాల్ని పొగడడమంటే ఆడవాళ్ల జీతం లేని చాకిరీని పొగడడమేనని స్త్రీవాదులు అంటారు. అపరాలు ఎండబెట్టడం, మట్టి పట్టించడం, పాదులకు నీళ్లు మొయ్యడం ఎవరు చేశారు? ఎవరి నడుములు వంగాయి? ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. ఆ పనులన్నీ మళ్లీ ఆమె నెత్తిన పెట్టాలని అడిగితే ఈ వ్యాసానికి అర్థమే ఉండదు. గింజను గాలి చొరని సంచిలో దాచే వీలున్నప్పుడు మట్టి పట్టించనక్కర లేదు, ఆ సంచీ వాడడమే మంచిది. అయితే చాకిరీని తగ్గించడం వేరు, చేసినవాళ్ల తెలివిని లెక్కలోంచి తీసెయ్యడం వేరు. పొలం పని చేసే మగవాణ్ని రైతు అన్నాం, పెరడు పండించిన స్త్రీకి ఏ పేరూ ఇవ్వలేదు. పేరు ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఉమ్మడి రాష్ట్రంలోనే చూశాం. 2000ల తొలి ఏళ్లలో అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పురుగుమందులు మానేసి వేప గింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం పట్టింది. ఆ మలుపులో మహిళా సంఘాలదే ముఖ్యపాత్ర. అదే దారి తర్వాత ప్రభుత్వ కార్యక్రమంగా విస్తరించి, 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి పునాది అయింది. పెరటి చిట్కాను మోతాదుతో రాసి, సంఘంలో చర్చించి, పొలంలో పరీక్షించినప్పుడే అది విధానమైంది.

ఊళ్లు నగరంలో కలిసిపోతున్నాయి, పొలాలు లేఅవుట్లవుతున్నాయి, పెరళ్లే లేనప్పుడు ఈ చర్చ ఎందుకని అడిగేవాళ్లకూ జవాబు ఉంది. 1942లో జపాన్ బర్మాను పట్టుకోగానే అక్కణ్నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది, ఆ ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు కరెంటు, రోడ్లు, దుకాణాలు అన్నీ ఒక్కసారే నిలిచిపోయాయి. సరుకు దూరం నుంచి వచ్చే నగరానికి ఇలాంటి రోజులు మళ్లీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. డాబా మీద రెండు కుండీల్లో బచ్చలి, తోటకూర పెంచితే కుటుంబం మొత్తానికి సరిపోదు. కానీ విత్తు నాటడం, గింజ దాచడం, పురుగును గుర్తుపట్టడం తెలిసిన ఇల్లు కష్టకాలంలో పక్కింటికీ సాయపడగలదు.

కాబట్టి పద్మనాభం పరిసరాల బడులకు, మహిళా సంఘాలకు, పంచాయతీలకు ఒక విన్నపం. ఊళ్లోని పెద్దల దగ్గర కూర్చుని వాళ్లకు తెలిసినవి రాయించండి. ఏ నేలలో, ఏ నెలలో, ఎంత మోతాదులో, ఎందుకు, ఎప్పుడు పనిచెయ్యలేదు అన్నవి కూడా రాయించండి. చెప్పినవారి పేరు తప్పకుండా రాయండి. హాని చేసేదని తేలినదానికి ఆ సంగతే స్పష్టంగా రాసి పక్కన పెట్టండి. యుద్ధం చేసిన రాజు పేరు రెండు వందల ఏళ్లుగా నిలిచింది. ఈ నేలకు తిండి పెట్టినవాళ్ల పేర్లు నిలవాలంటే ఆ పని ఈ తరమే చెయ్యాలి.