కిందటేడు

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే పత్రికలన్నీ సింహావలోకనం చేస్తాయి. సింహం కొంత దూరం నడిచి, ఆగి, మెడ తిప్పి వచ్చిన దారిని ఒకసారి చూసుకుంటుందట. సంస్కృత శాస్త్రకారులు దాన్నొక న్యాయంగానే లెక్కించారు. దేశానికీ, శాసనసభకూ, క్రికెట్ జట్టుకూ ఆ మాట నప్పుతుందేమో గానీ ఇంటికి నప్పదు. అత్తాకోడళ్ళూ మనవలూ చాప మీద కూర్చుని సింహావలోకనం చేశారంటే నవ్వొస్తుంది. ఇంట్లో ఆ పనికి వేరే మాట ఉంది. అది ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది: "కిందటేడు ఈపాటికి..." ఆ తర్వాత ఏమైనా రావచ్చు. నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. పిల్ల ఇంకా పాకుతోంది. మామిడి పూతే పట్టలేదు. చిన్నాడు ఉద్యోగం దొరక్క ఇల్లు కదిలేవాడు కాదు.

వాడి వాడి అరిగిపోయిన మాట కాబట్టి అందులోని 'కింద' మనకు వినపడదు. విడదీస్తే ఉన్నది అదే: క్రిందటి ఏఁడు. కిందటి నెల, కిందటి వారం, మూడేళ్ళ కిందట, అన్నీ ఆ వరసే. తెలంగాణలో ఆ చివరి అక్షరం కూడా అక్కర్లేదు, 'పదేండ్ల కింద' అంటారు. చెట్టు కింద, మంచం కింద అన్నట్టే పదేండ్ల కింద. రాబోయేది దీనికి సరిగ్గా ఎదురు: పై నెల, పై ఏడు, ఆపైన, ఇకమీదట. "పిల్లకి పై ఏడు చేద్దాంలే పెళ్ళి" అనే తండ్రి కాలాన్ని నిలువుగా పేరుస్తున్నాడన్న సంగతి ఆయనకూ తెలియదు, వినేవాళ్ళకూ తట్టదు.

ఇరుగుపొరుగు భాషలు మామూలుగా ఇలా చెయ్యవు. మూడేళ్ళ కిందట అనడానికి తమిళులు 'మున్' వాడతారు, అంటే ముందు. కన్నడిగులు 'హిందె' అంటారు, అంటే వెనక. హిందీవాళ్ళ 'పిఛ్‌లా సాల్' కూడా వెనకటిదే. పైన అనే చూపు మాత్రం పక్కవాళ్ళకూ ఉంది. తమిళుల 'ఇనిమేల్', కన్నడిగుల 'ఆమేలె' మన ఇకమీదట, ఆపైన లాంటివే. గడిచినదాన్ని పాదాల కిందికి ఇంతగా దించింది వీళ్ళలో మనమే.

అలాగని తెలుగు ఒక్క దిక్కుకే కట్టుబడి లేదు. కథ మొదలుపెడుతూ 'వెనకటికి ఒకడు' అంటాం. అక్కడ గతం వీపు వెనక. కిందటేటికి అవతలి ఏడు 'ముందటేడు', అంటే గతం కళ్ళెదుటే. ఆ నోటితోనే 'ముందుముందు నీకే తెలుస్తుంది' అంటాం, అప్పుడా ముందు భవిష్యత్తు. వీటన్నిటినీ ఒకే ఇంట్లో ఒకే పూట వాడుకుంటారు, ఎవరూ తికమకపడరు. నాకు కనిపించిన తేడా ఒకటి ఉంది. వెనకటికి కొలత అక్కర్లేదు: వెనకటి రోజులు, వెనకటి మనుషులు. కిందటకు కొలత ఉండి తీరాలి. రెండు రోజులనో, ఆర్నెల్లనో, పదేళ్ళనో చెప్పకుండా 'కిందట' అని ఊరుకోలేం. లెక్కకు అందే గతం కింద ఉంటుంది, అందనిది వెనక్కి పోతుంది. కుటుంబం తలుచుకునేది మొదటి రకాన్ని. ఆసుపత్రి బిల్లు, పిల్లాడి ఫీజు, చీటీ పాట, అన్నీ లెక్కలున్నవే.

కిందటేడుకి ఇంకా నిక్కమైన జంటపదం నిరుడు. విడగొడదామంటే చిక్కని మాట. 'పోయిన', 'గత' లాంటి విశేషణాలేవీ లేకుండానే పని చేస్తుంది. విభక్తి పడితే నిరుటి: నిరుటి వడ్లు, నిరుటి చింతపండు, నిరుటి ఆవకాయ. సంస్కృతానికీ ఇలాంటి మాటలు ఉండేవి. పోయిన ఏటికి పరుత్, అంతకు ముందటి ఏటికి పరారి, ఈ ఏటికి ఐషమః. పాణిని వీటిని ఒకే సూత్రంలో కూర్చాడు, అమరకోశంలోనూ ఉన్నాయి. మన పిల్లలు తరాల తరబడి అమరం వల్లెవేశారు. సంవత్సరం, వత్సరం, అబ్దం, హాయనం అన్నీ తెచ్చుకున్నారు. పరుత్‌ని మాత్రం ఒక్కరూ ఇంటికి తేలేదు. ఏడాదికి పేరు అరువు తెచ్చుకోవచ్చు గానీ నిరుటి వడ్లకు అరువు మాట ఎందుకు? శ్రీశ్రీ దాన్ని మంచుతో ముడిపెట్టాక నిరుడుకు కొంత కవిత్వపు వాసన అంటుకుంది, చదువుకున్నవాళ్ళు ఆ మాట పలికేటప్పుడు గొంతు సవరించుకుంటారు. పల్లెలో అది ఇప్పటికీ ధాన్యం మాటే. నగరంలో రెండూ పోయి 'లాస్టియర్' మిగిలింది. దాని మీద నాకు పెద్ద కోపం లేదు గానీ, దానికి నిరుటి లాంటి రూపం లేదు. లాస్టియర్ ఆవకాయ ఎవరికి రుచిస్తుంది?

ఇక ఏడు. ఏడంటే సంవత్సరం, ఏడంటే ఆరు తర్వాతి అంకె. ఇప్పటి అచ్చులో రెంటికీ తేడా లేదు. పాత పుస్తకాల్లో ఉండేది. సంవత్సరానికి అరసున్న ఉంటుంది, ఏఁడు. అంకెకు ఉండదు. ఆ అరసున్న ఉత్త అలంకారం కాదు, ఒకప్పుడు నిండుగా పలికిన అనునాసికం తాలూకు గుర్తు. కడప జిల్లా కలమళ్ళలో ఉన్న, 575 ప్రాంతానిదని చెప్పే రేనాటి చోళుల శాసనంలో 'రేనాణ్డు' అని ఉంది. అది తర్వాత రేనాఁడు అయింది, ఇప్పుడు రేనాడు. తమిళుల 'ఆండు', అంతకు పూర్వం 'యాండు', మన ఏఁడుకు తోబుట్టువు. వాళ్ళకు 'యా'తో మొదలైనది మనకు 'ఏ' అయిన మాటలు ఇంకా ఉన్నాయి: వాళ్ళ యానై మన ఏనుగు, వాళ్ళ యాఱు మన ఏఱు. అరసున్నను అచ్చు పుస్తకాలు వదిలేశాయి గానీ తెలంగాణ నోరు వదల్లేదు. కోస్తాలో ఏళ్ళు అన్నచోట అక్కడ ఏండ్లు. అవ్వ "నాకు డెబ్బై ఏండ్లు" అన్నప్పుడు ఆ పాత సున్న నిండుగా వినిపిస్తుంది.

ఏరుకు, ఏడుకు చిక్కు మరొకటి ఉంది. విభక్తి ముందు రెండూ 'ఏటి' అవుతాయి. ఏటికేడు పెరిగేది వయసు, ఏటికి ఎదురీదేది మనిషి. చెవికి ఒకటే. గోదావరి ఒడ్డు పిల్లలకు ఈ గందరగోళం ఎప్పుడైనా కలిగిందేమో గానీ పెద్దలకు కలగదు, మాట ఎక్కడుందో చూసి అర్థం తెచ్చుకుంటారు.

సంవత్సరం సంగతి చూద్దాం. వత్సరం, వత్సం పక్కపక్కనే కూర్చునే మాటలు. వత్సం అంటే దూడ. మొదట దాని అర్థం ఏడాది దూడ అని భాషాశాస్త్రజ్ఞులు అంటారు. గ్రీకులో ఏడాదికున్న 'ఎతొస్', లాటిన్‌లో ముసలికున్న 'వెతుస్' కూడా ఈ వంశానివే. ఆ లాటిన్ మాట నుంచి వచ్చిందే మన క్రీడాపేజీల్లో కనిపించే వెటరన్. అంటే పౌరాణిక సినిమాలో "వత్సా" అని పిలిపించుకున్న కుర్రాడూ, చివరి టెస్టు ఆడుతున్న వెటరనూ ఒకే మూలం వాళ్ళు. దూడ మీద ఆవుకుండే మమకారం వాత్సల్యం. ఎంత పాత పదమైనా లోపల ఒక ఏడాది దాక్కుని ఉంది. తల్లికి పిల్ల మీద ఉన్న ప్రేమకు ఇంతకన్నా దగ్గరి మాట మనం పుట్టించుకోలేదు, ఉన్నదాన్నే తెచ్చుకున్నాం. మంచి పని చేశాం.

కానీ ఏ ఏడు? ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళకు ఒకే ఏడు ఉండదు. బడికి వెళ్ళే పిల్లకు ఏడు జూన్‌లో మొదలవుతుంది. నాన్నకు ఏప్రిల్‌లో, ఆదాయపు పన్నుతో. తాతకు ఉగాదితో. ఆ ఉగాది ఏళ్ళు కూడా ఒక్క పొడుగువి కావు. 2023 మార్చి 22న వచ్చిన శోభకృత్‌లో అధిక శ్రావణం పడింది, అది 384 రోజులు సాగింది. 2025 మార్చి 30న వచ్చిన విశ్వావసు 354 రోజులకే ముగిసింది. విశ్వావసులో, అంటే 1965లో పుట్టినవాళ్ళకు అదే పేరు 60 ఏళ్ళకు మళ్ళీ ఎదురైంది, షష్టిపూర్తి మాట వచ్చింది. ఉగాది నాడు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అంకెలతో సహా అందరూ చెవులు రిక్కించి వింటారు. ఏడు తిరిగాక పాత పంచాంగం తీసి చెప్పిన ఆదాయం వచ్చిందా లేదా అని చూసిన ఇల్లు నేనెరగను. ఇది పంచాంగకర్తలకు ఉన్న పెద్ద వెసులుబాటు.

ఇంటి అసలు లెక్క వేరేచోట ఉంటుంది: వంటింటి గోడకు వేలాడే పెద్ద అంకెల క్యాలెండరులో. వెంకట్రామా అండ్ కో వారిదో, ఊళ్ళో కిరాణా కొట్టువాడు ఇచ్చిందో. అందులో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం ముందే అచ్చయి ఉంటాయి. మిగతాది ఇంట్లోవాళ్ళు బాల్‌పెన్నుతో పూరిస్తారు. గ్యాస్ బండ ఏ రోజు వచ్చింది. పాలు ఎన్ని పూటలు రాలేదు, పనమ్మాయి ఎన్ని నాగాలు పెట్టింది. ఇన్సులిన్ ఎప్పుడు తెరిచారు. అత్తగారి మాసికం, చీటీ కట్టాల్సిన తేదీ, పిల్లాడికి జ్వరం 102. డైరీ రాయడం చేతకాని ఇల్లు కూడా దీన్ని రాస్తుంది. రాసినవాళ్ళకు ఇది రాత అన్న స్పృహే ఉండదు, అందుకే అబద్ధమూ ఉండదు. జనవరి ఒకటిన కొత్త క్యాలెండరు వస్తే పాతదాన్ని పారెయ్యరు. పాలవాడి బాకీ తేలాలి, గ్యాస్ బండ ఎన్నాళ్ళు వచ్చిందో చూసుకోవాలి. అదే మేకుకు పాతదాని మీదే కొత్తది తగిలిస్తారు. అప్పుడు కిందటేడు ఉన్నచోటు నిజంగానే కింద. పై కాగితాలు ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో అడుగున వెతుకుతారు: "కిందటేడు ఈపాటికి బండ నలభై రోజులు వచ్చింది, ఇప్పుడు ముప్పైకే అయిపోతోందేం?" జవాబు ఎవరికీ తెలియనిది కాదు. అప్పుడు ఇంట్లో ఒకరు తక్కువ.

ఒకరు ఎక్కువైనా, తక్కువైనా ఏడాదికి వాడే క్రియ మారుతుంది. పసిపిల్లకు ఏడాది నిండుతుంది. పోయినవాళ్ళకు తిరుగుతుంది. "పిల్లకి ఏడాది నిండిందా?" అని అడుగుతారు, "మీ మామగారు పోయి ఏడాది తిరిగిందా?" అని అడుగుతారు. రెంటినీ తారుమారు చెయ్యడం అసాధ్యమని కాదు, చెవికి ఇబ్బంది. నిండేది లోపలికి చేరుతూ ఉంటుంది, తిరిగేది చుట్టి మళ్ళీ అక్కడికే వస్తుంది. ఇంట్లో పెద్ద పోతే ఆ ఏడంతా ఏటిసూతకం. పండగ లేదు, తీర్థం లేదు. సంక్రాంతికి అరిసెలు ఆ ఇంట్లో వండరు, పక్కింటివాళ్ళు పళ్ళెంలో పెట్టి తెస్తారు. నెలనెలా మాసికం, చివర సంవత్సరీకం. అది తిథి ప్రకారం వస్తుంది కనక తారీఖు కలవదు, పదకొండు రోజులు ముందుకో, అధికమాసం వస్తే బాగా వెనక్కో జరుగుతుంది. దుబాయిలోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు సెలవు పెట్టడానికి ఏటేటా ఫోను చేసి తేదీ కనుక్కోవాల్సి రావడం ఇందుకే. ఆ ఏటిసూతకంలోనే మనవరాలు పుట్టిందనుకోండి, అదే ఇల్లు, అవే పన్నెండు నెలలు, ఒక చివర తిరుగుతున్నాయి, ఒక చివర నిండుతున్నాయి. అరిసెలు తెచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే ఆగి, ముందు పరామర్శించాలా పాపను ఎత్తుకోవాలా అని ఒక్క క్షణం తడబడుతుంది.

ఏళ్ళకు పేర్లు పెట్టడానికి పంచాంగం దగ్గర ప్రభవ నుంచి అక్షయ దాకా 60 ఉన్నాయి. ఇంటికి అవి చాలవు, లేదా అక్కర్లేదు. ఇంటివాళ్ళు ఒక క్రియకు 'ఇన' చేర్చి పక్కన ఏడు పెడతారు, అంతే. ఉప్పెన వచ్చిన ఏడు అంటే దివిసీమలో 1977 అని ఎవరికీ చెప్పనక్కర్లేదు. గోదావరి లంకల్లో వరద ఏడంటే 1986, విశాఖలో హుద్‌హుద్ ఏడంటే 2014. కరోనా ఏడంటే మాత్రం ప్రతి ఇంట్లోనూ కాసేపు వాదన నడుస్తుంది, 2020యా 2021యా అని, ఎవరికి ఏది ఎక్కువ గుచ్చుకుంటే అది. ఇవి ఊరంతటికీ పడ్డ పేర్లు. ఇంట్లోనే చెల్లే పేర్లు వేరు: బావి పూడ్చిన ఏడు, అక్క అలిగి వెళ్ళిపోయిన ఏడు, గేదె కవల దూడల్ని ఈనిన ఏడు. వీటిని ఎవరూ నిర్ణయించరు, ఏడు జరుగుతుండగా ఏ పేరూ పడదు. నిరుడు అయ్యాక, ముందటేడు అయ్యాక, ఎప్పుడో ఒక సాయంత్రం మాటల మధ్యలో ఒకరి నోట వస్తుంది. అది నిలుస్తుందా లేదా అన్నది ఇంట్లో ఎవరి గొంతు పెద్దదన్న దాని మీద కూడా కొంత ఆధారపడుతుంది. అమ్మ 'బోరు ఎండిపోయిన ఏడు' అంటే, కొడుకు 'నా టెన్త్ ఏడు' అంటాడు, నాయనమ్మ ఇద్దరినీ కాదని 'మీ తాత పళ్ళు కట్టించుకున్న ఏడు' అంటుంది. తాత మాట్లాడడు. పళ్ళు గ్లాసులో ఉన్నాయి.