బొమ్మ నడుము - అతిశయోక్తి

సెలవులకు వచ్చిన మా మనుమరాలు, ఏడేళ్ళ పిల్ల, అద్దం ముందు నిలబడి ఒక చేత బార్బీ బొమ్మను పట్టుకొని, రెండో చేత తన పొట్టను లోపలికి నొక్కుకుంటూ "తాతయ్యా, నాకీ పొట్ట ఎప్పుడు పోతుంది?" అని అడిగింది. పోతుందా అని కాదు, ఎప్పుడు పోతుందని! అప్పటికప్పుడు సమాధానం తోచలేదు. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణే గాని బొమ్మల చరిత్ర నాకేం తెలుసు? ఆ తరువాత చదివి తెలుసుకొన్నది చదువరుల ముందుంచుతున్నాను.

ఈ బొమ్మకు మాతృక జర్మనీలో ఉంది. అక్కడి 'బిల్డ్' పత్రికలో 1952 నుంచి వచ్చిన వ్యంగ్యచిత్రాల నాయిక లిల్లీని 1955లో బొమ్మగా చేశారు. అది మొదట పిల్లల కోసం కాదు, పెద్దల వినోదం కోసం. మరుసటి ఏడు స్విట్జర్లాండు విహారంలో అమెరికా వనిత రూత్ హ్యాండ్లర్ కంట అది పడింది. ఆమె, ఆమె భర్త ఎలియట్ 1945లో వెలసిన మాటెల్ సంస్థ స్థాపకులలో వారు. ఆ రోజుల్లో ఆడపిల్ల చేతికిచ్చే బొమ్మ చాలావరకు పసిపాప. ఆడుకొనే పిల్లది తల్లి పాత్ర. తన కూతురు బార్బరా మాత్రం కాగితపు బొమ్మలతో పెద్దవారి జీవితాన్ని అభినయించడం రూత్ గమనించింది. ఎదిగిన స్త్రీ ఆకారం గల బొమ్మను తల్లులు కొనరని సంస్థలోని మగవారు సందేహించినా ఆమె పట్టు విడువలేదు. 1959 మార్చి 9న న్యూయార్కు బొమ్మల ప్రదర్శనలో కూతురి పేరిటనే బార్బీ వెలువడింది. ఎత్తు 11.5 అంగుళాలు, వెల 3 డాలర్లు.

రూత్ ఆశయం మంచిదే. ఆడపిల్ల తాను ఏమి కాగలదో ఊహించుకోవాలని ఆమె కోరిక. 1965లో బార్బీ వ్యోమగామి వేషం వేసింది. చంద్రునిపై మానవుడు అడుగుపెట్టడానికి నాలుగేళ్ళ ముందుమాట అది. కాని అదే 1965లో వచ్చిన మరో బార్బీకి రాత్రి దుస్తులతో పాటు ఒక చిన్న తూకపు యంత్రాన్నీ జతచేశారు. దాని ముల్లు 110 పౌండ్ల దగ్గర, అంటే సుమారు 50 కిలోల దగ్గర, నిలిచిపోయి ఉంటుంది. బరువు తగ్గడాన్ని గురించిన ఒక చిట్టి పుస్తకమూ ఇచ్చారు. అందులోని ఉపదేశమల్లా తినడం మానమని! ఒకే ఏట ఆకాశాన్నీ, తక్కెడనూ కూడా ఆడపిల్లకు చూపించిన బొమ్మ ఇది.

నడుము అంత సన్నమెందుకని అడిగితే తయారీదారులు చెప్పిన కారణం ఒకటుంది. బొమ్మ చిన్నదైనంత మాత్రాన గుడ్డ మందం తగ్గదు. కుట్లూ మడతలూ నడుము చుట్టూ చేరితే బొమ్మ లావుగా కనిపిస్తుంది. అందుకని లోపలి నడుమును తగ్గించారట. అంటే చొక్కా కోసం ఒంటిని కోశారన్నమాట. 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ కొలతలను మనిషి పరిమాణానికి పెంచి లెక్కగట్టారు. అటువంటి దేహం గల స్త్రీ లక్షమందిలో ఒక్కరైనా ఉండరని తేలింది.

ఇక్కడ నాకు నా వృత్తి గుర్తుకు వచ్చింది. మన ప్రబంధ కవులు నాయిక నడుమును ఆకాశంతో పోల్చారు, ఉన్నదో లేదో తెలియదన్నారు. నేను ఆ పద్యాలను రాగయుక్తంగా చదివి తాత్పర్యం చెప్పేవాణ్ణి. ముందు వరుస ఆడపిల్లలు తలలు వంచుకొని ఓణీలు సవరించుకొనేవారు. సిగ్గు కాబోలునని అనుకొనేవాణ్ణి. అది సిగ్గేనా, లేక తమ నడుమును ఆ నడుముతో సరిపోల్చుకోవడమా? ఆనాడు నేను అడగలేదు. అయితే ఒక్క మాట చెప్పేవాణ్ణి: "ఇది అతిశయోక్తి అలంకారం, నిజం కాదు" అని. బొమ్మను చేతికిచ్చేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పేవారెవరు? మన దేశంలో దానికి చీర కట్టి అమ్మారు గాని, చీర లోపలి నడుము ఆ నడుమే.

ఇది ముసలి పంతులు చాదస్తమని కొట్టివేయడానికి వీలులేదు. 2006లో ప్రకటితమైన ఒక బ్రిటన్ పరిశోధనలో 5 నుంచి 8 ఏళ్ళ బాలికలు 162 మందికి బొమ్మల పుస్తకాలు చూపించారు. కొందరికి బార్బీ, కొందరికి కాస్త పుష్టిగా ఉన్న ఎమ్మీ అనే బొమ్మ, మరికొందరికి ఏ బొమ్మా లేని చిత్రాలు. బార్బీని చూసిన పిల్లలలో, ముఖ్యంగా చిన్నవారిలో, తమ దేహం పట్ల తృప్తి తగ్గింది. సన్నబడాలన్న కోరిక పెరిగింది. తక్కిన పిల్లలలో ఆ మార్పు కనబడలేదు. ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు నిజమే. కాని మా ఇంటి అద్దం ముందు జరిగినదీ అదే గదా!

రూత్ కథలో చివరి ఘట్టం నన్ను మరింత కదిలించింది. 1970లో ఆమెకు రొమ్ము క్యాన్సరు వచ్చి ఒక రొమ్మును తొలగించారు. బజారులో దొరికే కృత్రిమ రొమ్ములేవీ ఆమెకు సరిపడలేదు. అందుచేత తానే పూనుకొని, తనవంటి స్త్రీల కోసం సహజంగా ఉండే కృత్రిమ రొమ్ములను తయారుచేయించే సంస్థను ఆ దశాబ్దంలోనే నెలకొల్పింది. వాటి పేరు 'నియర్లీ మీ', అంటే దాదాపుగా నేనే అని. బొమ్మకు ఎవరికీ లేని కొలతలిచ్చిన చేయి, ఆఖరుకు ఎవరి కొలత వారికి తిరిగి ఇచ్చే పనిలో పడింది. ఆమె 2002లో కన్నుమూసింది. 2016లో గాని బార్బీకి పొడుగు, పొట్టి, బొద్దు అనే మూడు కొత్త దేహాలు రాలేదు. అప్పటికి బొమ్మ పుట్టి 57 ఏళ్ళు.

మనుమరాలికి ఇదంతా ఎలా చెప్పను? రెండు రోజుల తరువాత పిలిచి, "ఆ బొమ్మ నడుము అతిశయోక్తి తల్లీ" అన్నాను.

"అంటే?"

"ఉన్నదానికి మించి చెప్పడం."

బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే అబద్ధమా తాతయ్యా?"

అతిశయోక్తి అబద్ధం కాదని, అది కావ్యశోభ అని ముప్ఫై నాలుగేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. ఆ పూట మాత్రం "అవునమ్మా, అబద్ధమే" అన్నాను.